తెలుగు పల్లె నుండి పుదుచ్చేరి బడి దాకా: బిషప్ క్లెమెంట్ బొన్నాన్ జీవితం

యానాం చుట్టుపక్కల పల్లెలలో పిల్లవాడి చదువు అనగానే సరిహద్దు మాట వస్తుంది. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట ఒక పాలన క్రింద ఉంటే, పక్కనే ఉన్న సుంకరపాలెం, ఇంజరం మరొక పాలన క్రింద ఉన్నాయి. గోదావరి దాటితే ఎదుర్లంక. పొలం గట్టు ఒక్కటే అయినా బడి, పరీక్ష, పాఠ్యపుస్తకం వేరు. పైచదువు కావాలంటే ఒక ఇంటివారు కాకినాడ వైపు చూస్తారు, మరొక ఇంటివారు 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి వైపు చూస్తారు. ఆ పుదుచ్చేరిలో మహాత్మా గాంధీ రోడ్డున పెతీ సెమినేర్ అనే కతోలిక ఉన్నత పాఠశాల ఉంది. దాని ఆరంభ సంవత్సరం 1844. ఆ పాఠశాలకు పునాది వేసిన కాలంలో పీఠాధిపతిగా ఉన్న క్లెమెంట్ బొన్నాన్ ఫ్రెంచి దేశస్థుడు. అయితే మన దేశంలో ఆయన తొలి కార్యక్షేత్రం తమిళనాడు కాదు, తెలుగు పల్లె. ఈ సంగతి తెలుగువారిలో ఎక్కువమందికి తెలియదు.

విప్లవం నీడలో బాల్యం

బొన్నాన్ 1796 మే 20వ తేదీన ఫ్రాన్సు దేశంలో లియోన్ నగరానికి చేరువలోని సెయింట్ మోరిస్ సుర్ దార్గ్వార్ అనే గ్రామంలో జన్మించారు. అప్పటికి ఫ్రెంచి విప్లవం చెలరేగి ఏడేళ్ళు. దేవాలయాలు మూతపడ్డాయి. ప్రభుత్వానికి ప్రమాణం చేయని గురువులు అడవులలోను, కొట్టాలలోను దాగి రహస్యంగా దివ్యపూజ జరిపేవారు. లియోన్ ప్రాంతం ఆ కల్లోలంలో మిక్కిలి నలిగిపోయింది. 1801లో నెపోలియన్ ప్రభుత్వానికి, పోపుకు మధ్య ఒడంబడిక కుదిరిన తరువాతనే ఊళ్ళలో గుడిగంట మళ్ళీ బహిరంగంగా మోగింది. గురువు లేని ఊరు ఎలా ఉంటుందో ఆ తరం పిల్లలకు ఎవరూ పుస్తకం చదివి చెప్పనక్కరలేకపోయింది.

ఆ విప్లవం వేలమైళ్ళ దూరాన ఉన్న మన నేలను కూడా తాకింది. ఆసియా దేశాలకు గురువులను పంపే పారిస్ విదేశీ మిషన్ల సంఘపు విద్యాలయం 1792లో మూతపడి, 1815 వరకు తెరుచుకోలేదు. ఇరవై ఏళ్ళకు పైగా కొత్తవారు రాక దాదాపు ఆగిపోయింది. ఉన్నవారు ముసలివారై ఒక్కొక్కరే కన్నుమూశారు. దక్షిణ భారతంలోని క్రైస్తవ పల్లెలు గురువుల కొరతతో అల్లాడాయి.

లియోన్ నగరం నుండే దానికి ఒక విరుగుడు పుట్టింది. పౌలిన్ జారికో అనే యువతి పట్టుమిల్లుల కూలీలను పదిమంది చొప్పున చేర్చి, వారానికి ఒక్క సూ, అంటే అతి చిన్న నాణెం, మిషన్ల కొరకు కూడబెట్టే ఏర్పాటు చేశారు. 1822లో అదే విశ్వాస వ్యాప్తి సహాయ సంఘంగా రూపుదాల్చింది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆసియా ఖండంలో వెలసిన ఎన్నో చర్చిలకు, బడులకు ఆ కూలీల నాణెములే ఆధారం. అదే లియోన్ ప్రాంతపు బిడ్డ అయిన బొన్నాన్ గురుపట్టం పొంది, పారిస్ విదేశీ మిషన్ల సంఘంలో చేరి, 1824లో ఓడ ఎక్కారు.

ఆ సమయంలో పారిస్ విద్యాలయంలో ఒక విచిత్రమైన పరిస్థితి ఉంది. మైసూరు ప్రాంతంలో ముప్పై ఏళ్ళకు పైగా గడిపిన అబ్బే దుబ్వా 1823లో స్వదేశం చేరారు. హిందువుల ఆచార వ్యవహారాలపై ఆయన వ్రాసిన గ్రంథం నేటికీ ప్రసిద్ధం. భారతదేశంలో క్రైస్తవం వేరూనడం అసాధ్యమని ఆయన లోకానికి చాటి చెప్పారు. అనుభవజ్ఞుడైన పెద్ద నిరాశతో వెనుదిరిగిన మరు సంవత్సరమే యువకుడైన బొన్నాన్ అదే నేలకు బయలుదేరారు.

తెలుగునాట గురువు

పుదుచ్చేరి చేరిన బొన్నాన్‌ను పెద్దలు తెలుగు మిషన్లకు పంపారు. ఆయన తెలుగు నేర్చుకుని గుంటూరు మండలంలోని ఫిరంగిపురం ప్రాంతంలో పనిచేశారు. కొండవీటి కొండల నీడలో ఉన్న ఆ ఊరికి అప్పటికే పెద్ద చరిత్ర ఉంది. పద్దెనిమిదవ శతాబ్దం ఆరంభంలో ఫ్రెంచి జెసూట్ గురువులు కర్ణాటక మిషన్ పేరిట పుంగనూరు, మదిగుబ్బ, కృష్ణాపురం వంటి రాయలసీమ ఊళ్ళలో తెలుగు క్రైస్తవ సంఘాలను నెలకొల్పారు. యుద్ధాలు, కరువులు తరిమితే ఆ కుటుంబాలు కొన్ని కట్టుబట్టలతో ఉత్తరానికి వలస వచ్చి ఫిరంగిపురం, రెడ్డిపాలెం వంటి గుంటూరు సీమ గ్రామాలలో స్థిరపడ్డాయి. ఆ జెసూట్లలో ఒకరైన కేర్దూ తెలుగు, సంస్కృత భాషలలో పండితుడై, సంస్కృతానికి ఐరోపా భాషలకు గల చుట్టరికాన్ని తొలుత గుర్తించినవారిలో ఒకరయ్యారు. 1773లో పోపు జెసూట్ సభను రద్దు చేయగా, 1776లో ఆ మిషన్ బాధ్యత పారిస్ సంఘానికి సంక్రమించింది.

బొన్నాన్ చూసిన తెలుగు క్రైస్తవ సమాజం అటువంటిది. విశ్వాసం తాతల నాటిది, గురువు మాత్రం ఏ కొన్ని నెలలకో కనిపించేవాడు. కృష్ణా తీరం నుండి రాయలసీమ వరకు చెదురుమదురుగా ఉన్న పల్లెలకు పట్టుమని పదిమంది గురువులైనా లేరు. గురువు లేని కాలంలో ఊరి భక్తిని నిలబెట్టినవాడు ఉపదేశి. ఆదివారం ప్రార్థన చెప్పించడం, బిడ్డలకు జపాలు నేర్పడం, చావుబ్రతుకులలో ఉన్న శిశువుకు జ్ఞానస్నానం ఇవ్వడం, శవాన్ని సాగనంపడం ఆయన పనులే. కాని దివ్యపూజకు, పాపసంకీర్తనానికి, అవస్థాభ్యంగానికి గురువే రావాలి. గుర్రం మీదనో, ఎద్దుబండి మీదనో, కాలినడకనో గురువు చేరేసరికి రోగి కన్నుమూసిన ఇళ్ళు ఎన్నో. ఓడలో ఆరు నెలలు ప్రయాణం చేసి వచ్చే పరదేశి గురువుల మీద ఆధారపడితే ఈ దేశపు పల్లెకు ఎన్నటికీ గురువు చాలడనే సత్యం అక్కడ ప్రతిదినం కళ్ళెదుట కనిపించేది. తరువాతి కాలంలో బొన్నాన్ చేసిన పనులన్నిటికీ మూలం ఈ అనుభవంలో ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

ఆ రోజులలో చదువు అంటే వీధి అరుగు బడి. ఇసుకలో అక్షరాలు దిద్దడం, పెద్దబాలశిక్షకు పూర్వపు ఎక్కాలు, శతకాలు వల్లించడం. పెద్ద కులాల మగపిల్లలకే అదీ అందేది. కడపలో, మచిలీపట్నంలో ఉచిత పాఠశాలలు పెట్టిన సి.పి.బ్రౌన్ కూడా ఈ కాలపువాడే.

డొక్కల కరువు

బొన్నాన్ తెలుగునాట గడిపిన కాలం చివరి భాగంలో గుంటూరు సీమను మహా క్షామం కబళించింది. 1832, 1833 సంవత్సరాలలో వానలు మొహం చాటేశాయి. నందన నామ సంవత్సరంలో వచ్చింది గనుక నందన కరువని, మనుషుల డొక్కలు ఎండిపోయాయి గనుక డొక్కల కరువని జనం దానిని పిలుచుకున్నారు. గుంటూరు జిల్లాలో ఉన్న సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల మంది వరకు నశించారని నాటి లెక్కలు చెబుతున్నాయి. మద్రాసుకు దారితీసే బాట పొడవునా శవాలు పడి ఉండేవి. ఊళ్ళకు ఊళ్ళే తలుపులు తీసి ఉన్నట్లే ఖాళీ అయ్యాయి. అప్పట్లో గుంటూరులో కొలువు చేసిన బ్రౌన్ దీనిని ధాన్యపు కొరత అని తేలికగా రాయడానికి అంగీకరించక, కరువు అన్న మాటనే పైఅధికారులకు వ్రాసి వారి ఆగ్రహానికి గురయ్యారు.

ఈ కరువు క్రైస్తవ పల్లెలను కూడా విడిచిపెట్టలేదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తి కావడానికి ఇటువంటి విపత్తులే ప్రేరణ. యానాం పొలాలకు ఈనాడు అందుతున్న నీటి వెనుక కూడా ఆ ఆకలి చావుల కథ ఉంది.

సరిగ్గా ఆ 1833లోనే బొన్నాన్ పుదుచ్చేరి పీఠానికి సహాయ పీఠాధిపతిగా నియమితులయ్యారు. ముసలివారైన హెబేర్ పీఠాధిపతి 1836లో గతించగా, ఆ బాధ్యత పూర్తిగా బొన్నాన్ భుజాల మీద పడింది. అప్పటికి ఆయన వయస్సు 40 సంవత్సరాలు.

యానాం మీద నీడ

అప్పటి పుదుచ్చేరి వికారియాతు అంటే ఒక్క నగరం కాదు. కోరమాండల్ తీరంలోను, తమిళ, కన్నడ, తెలుగు సీమలలోను విస్తరించిన క్షేత్రం. కోరంగి రేవు పక్కన ఉన్న చిన్న ఫ్రెంచి స్థావరమైన యానాం కూడా ఆ గొడుగు క్రిందనే ఉండేది.

1723లో ఫ్రెంచివారు తొలిసారి కాలుమోపిన యానాం, ఇంగ్లీషు వారి చేతులలోకి పదేపదే పోయి వచ్చి, నెపోలియన్ యుద్ధాలు ముగిశాక తిరిగి ఫ్రాన్సుకు దక్కింది. కోటలు కట్టరాదు, పోలీసు అవసరానికి మించి సైన్యం పెట్టరాదు అన్న షరతులు ఆ సంధిలో ఉన్నాయి. అప్పటి యానాం నుండి వస్త్రాలతో పాటు మనుషులు కూడా ఓడ ఎక్కారు. 1829 ప్రాంతంలో రీయూనియన్ దీవి చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్ళిన తొలి భారతీయ కూలీలలో యానాం నుండి వెళ్ళిన తెలుగువారు ఉన్నారు. చదువు లేని మనిషి వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో అతనికి తెలియదు. అక్షరం విలువ ఎంతటిదో ఆ ఓడలు చెప్పినంతగా మరేదీ చెప్పలేదు.

యానాంలోని సెయింట్ ఆన్ దేవాలయానికి పునాది వేసిన ఫాదర్ మిషెల్ లెక్నమ్ 1836లో, అంటే బొన్నాన్ పీఠం చేపట్టిన సంవత్సరంలోనే, మరణించారు. మూడేళ్ళకు, 1839 నవంబరు 25న, కోరంగి ఉప్పెన వచ్చింది. సముద్రం గోడలా లేచి రేవును, ఓడలను, వేలాది ప్రాణాలను ఊడ్చుకుపోయింది. కోరంగి ఇక పూర్వవైభవం చూడలేదు. ఆ దెబ్బలను తట్టుకుని యానాం దేవాలయం 1846లో పూర్తయింది. ఐరోపా రీతిలో కట్టిన ఆ గుడికి అలంకరణ సామగ్రి ఫ్రాన్సు నుండి ఓడలో వచ్చింది.

1844 మహాసభ

పీఠాధిపతి అయిన తరువాత బొన్నాన్ చేసిన తొలి పనులలో ఒకటి ముద్రణాలయం. 1840లో నెలకొల్పిన పుదుచ్చేరి మిషన్ ముద్రణాలయం నుండి తరువాతి దశాబ్దాలలో నిఘంటువులు, వ్యాకరణాలు, ప్రార్థన పుస్తకాలు వెలువడ్డాయి. పుస్తకం చేతికి వచ్చిన తరువాత చదివేవాడు కావాలి. అందుకు బడి కావాలి.

1844 జనవరిలో ఆయన తన గురువులందరినీ పుదుచ్చేరికి పిలిపించి సభ చేశారు. వారాల తరబడి సాగిన ఆ సభ భారతదేశ కతోలిక చరిత్రలో ఒక మైలురాయి. పై నుండి ఆజ్ఞ జారీ చేయడానికి బదులు, పల్లెలలో ఎండకు ఎండి వానకు తడిసిన గురువుల అభిప్రాయాలు విని తీర్మానాలు చేయడం ఆ సభ ప్రత్యేకత. స్వదేశీ గురువులను తయారుచేయడం, అందుకు విద్యాలయాన్ని పటిష్ఠం చేయడం, గ్రామాలలో బడులు పెంచడం, ఆడపిల్లలకు చదువు చెప్పడం అందులో ముఖ్యాంశాలు.

సభ తీర్మానాలను రోము నగరానికి చేర్చే పని జాన్ లూకే అనే యువగురువుకు అప్పగించారు. లూకే చురుకైనవాడు, నిర్మొహమాటి. స్వదేశీ గురువులను చిన్నచూపు చూడరాదని, వారే పీఠాధిపతులు కావాలని రోములో ఆయన గట్టిగా వాదించారు. 1845 నవంబరు 23న విశ్వాస వ్యాప్తి మహాసంఘం ప్రపంచంలోని మిషన్లన్నిటికీ ఒక ఉత్తర్వు పంపింది. స్వదేశీ గురువులను కేవలం సహాయకులుగా ఉంచే అలవాటు మానాలని, విద్యాలయాలు స్థాపించాలని, స్థానికులను పీఠాధిపతి పదవికి తగినట్లు తీర్చిదిద్దాలని ఆ ఉత్తర్వు సారాంశం. పుదుచ్చేరిలో పుట్టిన ఆలోచన చైనా, వియత్నాం, ఆఫ్రికా వరకు చేరింది.

లూకేకు మాత్రం చేదు మిగిలింది. ఆయనను పీఠాధిపతిగా అభిషేకించి బొన్నాన్‌కు సహాయకుడిగా నియమించారు గాని, ఆయన దూకుడు పుదుచ్చేరిలోని తోటి గురువులకు నచ్చలేదు. తీవ్రమైన వ్యతిరేకత రావడంతో ఆయన తిరిగి భారతదేశంలో అడుగుపెట్టలేదు. మార్పును కోరేవారి మధ్య కూడా ఎంత వేగంగా అన్న ప్రశ్న ఎంతటి చీలిక తేగలదో ఈ సంఘటన చెబుతోంది.

బడి, విద్యార్థి జీవితం

పెతీ సెమినేర్ అన్న ఫ్రెంచి మాటకు చిన్న గురువిద్యాలయం అని అర్థం. గురుపట్టానికి దగ్గరపడిన పెద్దవారు వేదాంతం చదివేది పెద్ద గురువిద్యాలయం. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లవాడు భాషలు, గణితం, చరిత్ర నేర్చేది చిన్నది. 1844లో ఈ విద్యాలయ కళాశాల పెత్తనం మారియాన్ బ్రెసియాక్ అనే గురువుకు అప్పగించారు. తరువాత కోయంబత్తూరు పీఠాధిపతి అయిన ఆయన, స్వదేశీ గురువుల కోసం జీవితాంతం తపించినవాడు.

ఫ్రెంచి పద్ధతిలో నడిచే అటువంటి విద్యాలయంలో దినచర్యకు గంటే ప్రభువు. తెల్లవారకముందే లేవడం, ప్రార్థన, దివ్యపూజ, ఆపై మౌనంగా పాఠం చదువుకునే వేళ, తరగతులు, భోజనం, కొద్దిసేపు ఆట, మళ్ళీ చదువు, రాత్రి ప్రార్థన. తరగతుల లెక్క మన బడులకు తలక్రిందులు. మన పిల్లవాడు ఒకటి నుండి పదికి ఎక్కితే, ఫ్రెంచి పద్ధతిలో పిల్లవాడు ఆరవ తరగతి నుండి అయిదు, నాలుగు అంటూ మొదటి తరగతికి చేరతాడు. ఫ్రెంచి చదువు చదివిన పాత యానాం కుటుంబాలకు ఈ లెక్క కొత్త కాదు.

గురువు కాదలచిన విద్యార్థికి లాటిన్ తప్పనిసరి. విభక్తులు, క్రియారూపాలు వల్లించడం మన అమరకోశం, శబ్దమంజరి వల్లించడానికి ఏమీ తీసిపోదు. ఇంట్లో తమిళమో తెలుగో మాట్లాడే పిల్లవాడు లాటిన్‌లో పాఠం, ఫ్రెంచిలో వివరణ వినాలి. పరభాషల బరువు క్రింద పిల్లవాడు తన ప్రజల భాషకే దూరమవుతాడేమోనన్న శంక ఆనాటి గురువులలోనే కొందరికి కలిగింది. మాతృభాషలో బోధించలేని గురువు పల్లెకు ఎందుకు పనికివస్తాడన్న ప్రశ్న నేటి బడులలో వినిపించే మాధ్యమం చర్చకు పూర్వరూపం.

దూరప్రాంతపు బిడ్డకు మరొక కష్టం ఇల్లు. గోదావరి తీరం నుండి పుదుచ్చేరికి వెళ్ళాలంటే గాలివాటు చూసి దోనె ఎక్కాలి, లేదా వారాల తరబడి బాట పట్టాలి. గోదావరి మీద రైలు వంతెన 1900లో గాని రాలేదు. కనుక అటువంటి పిల్లవాడికి సెలవులు వచ్చినా ఇంటి ముఖం చూసే భాగ్యం లేదు. తల్లి పోయిన కబురు కూడా కర్మకాండ ముగిశాకనే అందే రోజులవి.

కులం అనే గోడ

ఈ చరిత్రలో దాచకూడని అధ్యాయం ఒకటి ఉంది. పుదుచ్చేరి క్రైస్తవ సమాజంలో కులభేదం బలంగా ఉండేది. దేవాలయంలో తక్కువ కులాలుగా భావించబడిన వారిని వేరు చేస్తూ గోడ ఉండేదని, 1745లో దానిని తొలగించేందుకు పెద్ద అలజడి జరిగిందని ఆనందరంగ పిళ్ళై దినచర్య వలన తెలుస్తోంది. నూరేళ్ళ తరువాత, బొన్నాన్ కాలంలోను, గోడ రూపు మారింది గాని పోలేదు. గురువిద్యాలయంలో చేరి గురువులయ్యే అవకాశం అగ్రకులాల నుండి వచ్చిన పిల్లలకే దక్కేది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరి చేతి వంట తినాలి, చెప్పులు వేసుకోవచ్చునా అన్న ప్రశ్నలు లాటిన్ వ్యాకరణం కంటే జటిలమైనవిగా ఉండేవి.

బొన్నాన్ ఈ విషయంలో విప్లవకారుడు కారు. కులాచారాన్ని ఒక్కసారిగా త్రోసిపుచ్చితే సంఘమే చీలిపోతుందని, పిల్లలను తల్లిదండ్రులు బడి మాన్పిస్తారని భయపడేవారి వైపే ఆయన మొగ్గారు. నెమ్మదిగా నడిపించాలన్నది ఆయన విధానం. ఆ నెమ్మది వలన విద్యాలయం నిలిచింది, నిజమే. కాని ఆ నెమ్మదికి మూల్యం చెల్లించినది ఆయన కాదు, గుమ్మం బయట నిలిచిపోయిన మాల, మాదిగ, పరయ బిడ్డలు. వారిలో ఎన్ని తరాల వారు గురువు కాగల తెలివి ఉండి కూడా కూలికి వెళ్ళి ఉంటారో లెక్కకట్టేవారు లేరు. స్వదేశీయులు గురువులు కావాలని లోకానికి చాటిన సభ, ఆ స్వదేశీయులలో అందరినీ లెక్కించలేకపోయింది. ఆయన కీర్తిని చెప్పేటప్పుడు ఈ లోటును కూడా చెప్పడమే న్యాయం.

ఆడపిల్లల చదువు

ఆ సభ ఫలితాలలో వెంటనే కంటికి కనిపించినది బాలికా విద్య. 1844లోనే లూయీ సావిన్యెన్ దుప్వీ అనే గురువు పుదుచ్చేరిలో మరియమాత నిష్కళంక హృదయ మఠకన్యల సభను స్థాపించారు. ఇందులో చేరినవారు ఈ దేశపు ఆడపడుచులే. బాలికలకు చదువు చెప్పడమే వారి వ్రతం. గౌరవ కుటుంబాల స్త్రీలు గడప దాటడమే తప్పుగా చూసిన రోజులలో, తమిళ యువతులు కన్యకావ్రతం పట్టి బడిపంతులమ్మలు కావడం చిన్న విషయం కాదు. సావిత్రిబాయి ఫూలే పూనా నగరంలో బాలికల బడి ప్రారంభించిన 1848కి నాలుగేళ్ళ ముందు మాట ఇది. ఆ దుప్వీ గారే మరొక గురువుతో కలిసి తమిళ, ఫ్రెంచి నిఘంటువును కూర్చారు. అది మిషన్ ముద్రణాలయంలోనే అచ్చయింది.

యానాం చేతులు మారిన వేళ

ఇంత విశాలమైన క్షేత్రాన్ని ఒక్క మనిషి పాలించడం పల్లెలకు మేలు కాదని బొన్నాన్ గ్రహించారు. అధికారం తగ్గినా సరే, క్షేత్రాన్ని విభజించడానికి అంగీకరించారు. 1845లో మైసూరు, కోయంబత్తూరు విడివడ్డాయి. ఉత్తర తెలుగు తీరాన్ని సావోయ్ సీమలోని అనెసీ నగరానికి చెందిన సెయింట్ ఫ్రాన్సిస్ ద సేల్స్ మిషనరీలకు అప్పగించారు. 1838లో పుట్టిన ఆ చిన్న సభ సభ్యులు 1845లో పుదుచ్చేరిలో దిగి, మరు సంవత్సరం ఉత్తర తీరానికి చేరారు. అప్పటికి సావోయ్ ఫ్రాన్సులో భాగం కాదు, సార్డీనియా రాజ్యానిది. అంటే ఫ్రెంచి యానాం ఆత్మల బాధ్యత ఫ్రెంచి ప్రజలు కాని వారి చేతికి వచ్చింది. సరిహద్దుల లెక్కలు ఎప్పుడూ ఇంత విచిత్రంగానే ఉంటాయి.

ఆ మార్పు యానాంకు మేలే చేసింది. 1847లో విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ పాఠశాల వెలసింది. 1849లో అనెసీకి చెందిన సెయింట్ జోసఫ్ మఠకన్యలు భారతదేశానికి వచ్చినప్పుడు వారు మొదట చేరినది యానాం. ఆ తరువాతనే వారి బడులు విశాఖ వైపు, మధ్య భారతం వైపు విస్తరించాయి. 1850లో విశాఖపట్నం ప్రత్యేక వికారియాతు అయింది. నెయ్రే దానికి తొలి అధిపతి. గోదావరి తీరపు కతోలిక బిడ్డకు చదువు కోసం పుదుచ్చేరి ఒక్కటే దారి అన్న స్థితి అలా తొలగింది.

చివరి ప్రయాణం

1857 తిరుగుబాటు తరువాత ఉత్తర భారతంలోని క్రైస్తవ సంఘాలు చెల్లాచెదురయ్యాయి. 1858లో పోపు 9వ పయస్ కాలంలో రోము అధికారులు దేశంలోని వికారియాతులన్నిటినీ స్వయంగా చూసి నివేదించే బాధ్యతను బొన్నాన్‌కు అప్పగించారు. అరవై దాటిన వయస్సు, ముప్పై నాలుగేళ్ళ ఎండల అలసట. అయినా ఆయన బయలుదేరారు. ఎక్కడికి వెళ్ళినా గురువులు ఎందరు, విద్యాలయం ఉందా, బడి ఎలా నడుస్తోంది అన్నవే విచారణలో ముఖ్యాంశాలు. దేశమంతటా రైలు పట్టాలు ఇంకా పరుచుకోని కాలం. బండ్లు, పల్లకీలు, పడవలే వాహనాలు.

ఆ యాత్ర ముగియలేదు. 1861 మార్చి 21న గంగాతీరాన కాశీ నగరంలో బొన్నాన్ కన్నుమూశారు. వయస్సు 64 సంవత్సరాలు. హిందువులు మోక్షం కోరి చివరి శ్వాస విడవడానికి చేరే క్షేత్రంలో, ఫిరంగిపురంలో తెలుగు మాట్లాడిన కతోలిక పీఠాధిపతి తనువు చాలించడం విధి విలాసం. మిగిలిన యాత్రను మైసూరు పీఠాధిపతి షార్బోనో పూర్తిచేశారు.

మిగిలినది

బొన్నాన్ నాటిన విత్తనం ఆయన కళ్ళెదుట వృక్షం కాలేదు. రోము ఉత్తర్వు 1845లో వెలువడినా, భారతీయులు లాటిన్ ఆచారపు మేత్రాసనాలకు అధిపతులు కావడానికి ఇరవయ్యవ శతాబ్దం రావలసివచ్చింది. దళిత బిడ్డలకు గురువిద్యాలయం తలుపు తెరుచుకోవడానికీ అంతే కాలం పట్టింది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం భారతదేశ పాలనలోకి వచ్చింది. జెండా మారింది, పాలన భాష మారింది. పెతీ సెమినేర్ మాత్రం గురువులను తయారుచేసే విద్యాలయం స్థితి దాటి, అన్ని మతాల పిల్లలు చదువుకునే ఉన్నత పాఠశాలగా ఎదిగి నిలిచింది.

తాను పుట్టిన ఊరిలో గురువు లేని గుడి ఆనవాళ్ళ మధ్య పెరిగి, తెలుగు పల్లెలో గురువు కోసం ఎదురుచూసే మంచాలను చూసి, ఈ ఊరి బిడ్డనే ఈ ఊరికి గురువుగా చేయాలన్న నిర్ణయానికి వచ్చిన మనిషి బొన్నాన్. ఆ నిర్ణయాన్ని ఆయన సగమే అమలు చేయగలిగారు. తక్కిన సగం, అంటే ఏ గడపలో పుట్టిన బిడ్డకైనా అదే బల్ల మీద చోటు ఇవ్వడం, తరువాతి తరాలకు మిగిలింది. సరిహద్దు గట్టు మీద పుస్తకాల సంచి భుజాన వేసుకుని ఇటు నుండి అటు, అటు నుండి ఇటు నడిచే పిల్లలందరికీ ఆ బల్ల మీద చోటు దొరికిన నాడే 1844లో మొదలైన పని పూర్తయినట్లు.